ట్రైలర్‌లో కురిసిన వాన

రెండేళ్లు చూశాం ఆ రెండు నిమిషాల నలభై సెకన్లని.
డాలు మీద చినుకు చినుకూ విడివిడిగా చిట్లేది,
పొడుగు గడ్డికి గాలి పాపిడి తీసేది.
"ప్రతి తలుపూ తెరుచుకుంటుంది" అనేది ఒక బొంగురు గొంతు,
"ఈ నగరం నిన్ను గుర్తుపెట్టుకుంటుంది."
బొబ్బిలి బస్టాండు వెనక, తవిటిరాజు నెట్ సెంటర్లో
చిప్ప పగిలిన హెడ్‌ఫోను ముగ్గురికీ ఒక్కటే.
వంతులేసుకుని వినేవాళ్లం ఆ మాట.
మమ్మల్ని గుర్తుపెట్టుకునే నగరం!
ఇక్కడ మునిసిపాలిటీకే మా వీధి గుర్తుండదు.

ముందే కడితే కవచం ఉచితమన్నారు.
మూడువేల నాలుగొందల తొంభైతొమ్మిది.
పైడిరాజుది మామిడికాయల లోడింగు కూలి,
తవిటిరాజుది వాళ్లప్ప దగ్గర చేబదులు,
నాది ఆరు చిన్న వీణల మజూరి.

రాత్రంతా దిగింది ఆట.
తొంభై శాతం దగ్గర కరెంటు పోయి, మళ్లీ వచ్చి,
పాలబండి వేళకి తెరుచుకుంది.

వాన ఉంది. ఇంటికప్పు కింద కూడా ఉంది.
తలుపులున్నాయి, గోడకి వేసిన బొమ్మలు.
చేపలమ్మే ఆమెకి దండం పెట్టినా, కత్తి చూపినా
"ఇవాళ ఎండ బాగుంది కదా" అంటుంది
నెత్తి మీంచి నీళ్లు కారుతుండగా.
ఏరు దాటబోయిన మా వీరుడు
ఉత్త గాలికి గుద్దుకుని ఆగిపోయాడు.
కవచం మాత్రం తళతళలాడుతోంది.

పైడిరాజు పడీపడీ నవ్వాడు.
"పైవరస పళ్లు సూపి బుట్టంతా అమ్మేసినార్రా!"
తవిటిరాజు నవ్వలేదు, డబ్బు తిరిగిమ్మని రాశాడు.
రెండు గంటలు దాటి ఆడారు గనక కుదరదని జవాబు.
ఆ రెండు గంటలూ మేం
తెరుచుకునే తలుపు కోసం వెతుకుతున్నాం.

గొల్లపల్లి వచ్చేసరికి నాన్న పనసదుంగ మీద వంగి ఉన్నాడు.
ఉలి ఆపకుండానే, "మొకమేటి అలగుంది?"
చెప్పాను, చూపింది ఒకటి, ఇచ్చింది ఒకటని.
ఆయనేమీ అనలేదు.
పక్కన బల్ల మీద ఆరుతున్నాయి జానెడు వీణలు,
సభల్లో శాలువాతో పాటు చేతికిచ్చేవి,
గాజుపెట్టెల్లో కూర్చునేవి.
మీటితే దోమపాటి చప్పుడైనా రాదు.
ఒకటి తీసి, రంగు చూసి, పెట్టేశాడు. అంతే.

అప్పుడు గుర్తొచ్చింది నా వీడియో.
పోయిన కార్తీకంలో తీశాను, ఫోన్‌తోనే.
అరచేతిలో చిన్న వీణ, కిటికీ వెలుగు,
వెనకాల వినిపించేది మాత్రం
మా మేనత్త పెద్ద వీణ మీద వాయించిన మోహన.
అబద్ధం ఒక్క ముక్క రాయలేదు నేను.
వీణ అని రాశాను, ధర రాశాను.
ఇరవైమూడు అమ్ముడయ్యాయి.
కూతురి పుట్టినరోజుకి కొన్న నిజామాబాదు ఆవిడ
మూడు వారాల కిందట అడిగింది:
"తీగలు బిగించాలా? పాప మీటుతోంది, పలకడం లేదు."
చూసి వదిలేశాను.

ఆ రాత్రి ఒక్కణ్ణే వెళ్లి మళ్లీ ఆట తెరిచాను.
ఎందుకో చెప్పలేను.
బొమ్మతలుపుల వీధి చివర, ఎవరూ పోని సందులో,
చిన్న నీటిగుంట.
చినుకు పడ్డచోట వలయం లేచింది,
ఇంకో వలయాన్ని తాకి వంగింది,
అంచున ఒక ఆకు ఊగింది.
ట్రైలర్‌లో ఇది లేదు.
గడువు మెడ మీద కూర్చుంటే,
పైవాళ్లు చాలు చాలంటుంటే,
ఎవడో పనివాడు ఇక్కడ కూర్చుని చెక్కాడు,
యాళి మొహం అడుగున, ఎవరి కన్నూ పడని చోట
నాన్న పొలుసులు చెక్కినట్టు.

చాలాసేపు అక్కడే నిలబెట్టాను వీరుణ్ణి.
తవిటిరాజు షట్టరు సగం దించి
"ఎల్తావా, ఉండిపోతావా?" అన్నాడు.
ఫోన్ తీసి
"అమ్మా, అది పలకదు" అని కొట్టాను.
తర్వాతేం రాయాలో తెలీలేదు.
తెర మీద వాన
ఎవర్నీ తడపకుండా
పడుతూనే ఉంది.